టిబెట్ దారి పట్టిన విక్రమశిల పండితుడు: అతిశ జీవితంలో చరిత్రెంత, కథెంత?

2025 జులైలో దలైలామాకు 90 ఏళ్లు నిండాయి. తర్వాతి దలైలామాను గుర్తించే హక్కు ఎవరిదన్న వివాదం మళ్లీ పైకొచ్చింది. ఆ చర్చల్లో గెలుగ్ సంప్రదాయం (దలైలామాలు చెందిన బౌద్ధ శాఖ), గురుపరంపర, లామ్‌రిమ్ (సాధనను మెట్లుగా చెప్పే బోధ) లాంటి మాటలు తరచూ వినిపించాయి. ఆ పరంపరను వెనక్కి పట్టుకుంటూ పోతే 11వ శతాబ్దంలో ఒక భారతీయ ఆచార్యుడు ఎదురవుతాడు. ఆయనే విక్రమశిల మహావిహారానికి చెందిన అతిశ దీపంకర శ్రీజ్ఞానుడు.

ఆయన గురించి చదవబోతే మాత్రం తల తిరుగుతుంది. ఒకచోట బంగ్లాదేశ్ ముద్దుబిడ్డ అంటారు, ఇంకోచోట బీహారీ అంటారు. తంత్రానికి కళ్లెం వేసిన సంస్కర్త అని ఒకరు రాస్తే, స్వయంగా తాంత్రిక సాధకుడని మరొకరు రాస్తారు. ఆయన్ని రప్పించడానికి ఒక టిబెట్ రాజు ప్రాణమే ఇచ్చాడని చెబుతారు. ఆ రాజు అంతకు చాలా ఏళ్ల ముందే పోయాడనే లెక్కా ఉంది.

నాకు అర్థమైనంతలో అతిశ కొత్త సిద్ధాంతమేదీ కనిపెట్టలేదు. అప్పటికే ఉన్న బోధలకు ఒక వరుస పెట్టాడు. ఆయన జీవితకథలో చిక్కుల్లో సగం, తర్వాతివాళ్లు ఆ జీవితానికి కూడా అంతే చక్కటి వరుస పెట్టబోవడం వల్ల వచ్చినవే.

ముందుగా నాలుగు పదాలు

వినయం అంటే ఇక్కడ అణకువ కాదు, భిక్షువుల నియమావళి. ఎవరు దీక్ష ఇవ్వాలి, ఏం తినాలి, ఏది తప్పు అనేవన్నీ అందులో ఉంటాయి. ఈ నియమావళి ఒక్కటి కాదు, శాఖను బట్టి మారుతుంది. మహాయానం అంటే తన ముక్తి ఒక్కటే చాలనుకోకుండా ప్రాణులందరి దుఃఖం పోవాలని కోరే మార్గం. ఆ సంకల్పానికి బోధిచిత్తం అని పేరు. తంత్రం అంటే మంత్రం, మండలమనే దేవతా చిత్రం, అభిషేకమనే దీక్షలతో గురువు దగ్గర రహస్యంగా తీసుకునే సాధన. లోచావ అంటే సంస్కృతం నేర్చి గ్రంథాలను టిబెటన్‌లోకి తెచ్చే అనువాదకుడు. టిబెట్ చరిత్రలో లోచావకు గొప్ప గౌరవం దక్కింది.

మనకు తెలిసినదంతా ఎవరు చెప్పారు?

అతిశ జీవితం గురించి మనకున్న సమాచారం దాదాపు అంతా టిబెటన్ గ్రంథాల్లోదే. వాటిలో అన్నిటికన్నా పాతది ఆయన్ని తీసుకెళ్లిన లోచావ నాగ్‌త్సో రాసిన 80 శ్లోకాల స్తుతి. అతను ఏళ్ల తరబడి వెంట ఉన్న మనిషి కాబట్టి దానికి విలువ ఎక్కువ. అయితే అది స్తుతి, గురువును పొగడటానికే రాసింది. విస్తారమైన జీవితచరిత్రలు ఆ తర్వాత ఒకటి రెండు శతాబ్దాలకు వచ్చాయి. అప్పటికి ఆయన మఠ సంప్రదాయానికి మూలపురుషుడైపోయాడు. ఇక 15వ శతాబ్దపు ‘నీలి వార్షికాలు’ అనే చరిత్ర గ్రంథం వాటన్నిటినీ కలబోసింది.

కాబట్టి ఏదైనా ఒక సంఘటన గురించి చదివినప్పుడు అది ఈ మూడు పొరల్లో ఎక్కడ మొదటిసారి కనిపిస్తుందో చూసుకుంటే సగం గందరగోళం తీరుతుంది.

ఎక్కడ పుట్టాడన్న పేచీ

పుట్టింది 982లో. రాజకుటుంబం. తండ్రి కల్యాణశ్రీ, తల్లి ప్రభావతి, ముగ్గురు కొడుకుల్లో నడిమివాడు, చిన్నప్పటి పేరు చంద్రగర్భుడు. టిబెటన్ గ్రంథాలు ఊరి పేరును విక్రమపురమనీ, ప్రాంతం పేరును జహోర్ అనీ రాశాయి. పేచీ అంతా ఇక్కడే.

విక్రమపురం అంటే ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఢాకాకు దక్షిణాన ఉన్న మున్షీగంజ్ జిల్లా అని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. అక్కడి వజ్రయోగిని అనే ఊళ్లో ఒక దిబ్బను స్థానికులు ‘నాస్తిక పండితుని భిటా’ అంటారు. భిటా అంటే ఇంటి స్థలం. బౌద్ధం ఆ ప్రాంతంలో అంతరించిపోయాక కూడా, వేదాన్ని ఒప్పుకోని పండితుడొకడు అక్కడ ఉండేవాడన్న జ్ఞాపకం ఆ పేరులో మిగిలింది. ఆ చుట్టుపక్కల తవ్వకాల్లో బౌద్ధ కట్టడాలు బయటపడ్డాయి కూడా.

రాహుల్ సాంకృత్యాయన్ లాంటివారు ఒప్పుకోలేదు. జహోర్ అంటే బీహార్‌లో భాగల్పూర్ పక్కన ఉన్న సబౌర్ అని వాళ్ల వాదం. విక్రమశిల కూడా ఆ చుట్టుపక్కలే కాబట్టి వాదనలో ఆకర్షణ లేకపోలేదు. కానీ గ్రంథాలు బెంగాల్ అని పేరుపెట్టి చెబుతున్నప్పుడు దాన్ని పక్కన పెట్టడానికి ఒక పేరు పోలిక చాలదని నా ఉద్దేశం. 1978లో అతిశ అస్థికల్లో కొంత భాగాన్ని చైనా నుంచి ఢాకాలోని ధర్మరాజిక విహారానికి తెచ్చారు. ఆ రాజకీయ గుర్తింపు సంగతి వేరు, చారిత్రక ఆధారం సంగతి వేరు.

సువర్ణద్వీపం: పన్నెండేళ్ల చదువు

29వ ఏట భిక్షువయ్యాడు. అప్పటికే నాగార్జున, చంద్రకీర్తుల మాధ్యమిక తత్త్వమూ (దేనికీ స్వతంత్రమైన ఉనికి లేదనే శూన్యవాదం), రకరకాల తంత్రాలూ చదివేశాడు. అలాంటివాడు మళ్లీ శిష్యరికానికి ఓడెక్కి నెలల తరబడి ప్రయాణించి సువర్ణద్వీపానికి, అంటే సుమత్రాకు, వెళ్లడం ఇవాళ్టి చదువరికి వింతగా అనిపిస్తుంది.

ఆ కాలంలో అది వింతేమీ కాదు. సుమత్రాలోని శ్రీవిజయ రాజ్యం అప్పటికే 300 ఏళ్లుగా బౌద్ధ విద్యాకేంద్రం. 7వ శతాబ్దంలో చైనా యాత్రికుడు ఇత్సింగ్ భారతదేశానికి వెళ్లేముందు అక్కడ ఆగి చదువుకోమని తన దేశపు భిక్షువులకు సలహా ఇచ్చాడు. 9వ శతాబ్దంలో సువర్ణద్వీప రాజు బాలపుత్రదేవుడు నలందాలో విహారం కట్టించాడు. దాని పోషణకు, బెంగాల్-బీహార్‌లను ఏలిన పాల వంశపు రాజు దేవపాలుడు ఐదు ఊళ్లు ఇచ్చిన తామ్రశాసనం దొరికింది. బెంగాల్, సుమత్రాల మధ్య పండితులూ వర్తకులూ తిరుగుతూనే ఉండేవారు.

అక్కడ ఆయన గురువు పేరు ధర్మకీర్తి. తరచూ జరిగే పొరపాటు ఇక్కడొకటి ఉంది. బౌద్ధ తర్కశాస్త్రానికి పేరుపడ్డ ధర్మకీర్తి 7వ శతాబ్దపు మనిషి. ఇతను అంతకు దాదాపు 400 ఏళ్ల తర్వాతివాడు. కలగాపులగం కాకుండా టిబెటన్లు ఇతన్ని సెర్లింగ్‌పా, అంటే సువర్ణద్వీపంవాడు, అని పిలుస్తారు. అతిశ అతని దగ్గర నేర్చుకున్నది ప్రధానంగా బోధిచిత్తాన్ని ఎలా పెంచుకోవాలన్న సాధన. తన సుఖాన్ని ఎదుటివాడికి ఇచ్చి వాడి కష్టాన్ని తాను తీసుకుంటున్నట్టు మనసును అలవాటు చేసుకోవడం అందులో ఒక భాగం. విశేషమేమిటంటే, ఈ గురువు తత్త్వంలో మాధ్యమికుడు కాడని సంప్రదాయం చెబుతుంది. సిద్ధాంతంలో విభేదించినవాణ్నే అతిశ తన గురువులందరిలో ఎక్కువగా తలచుకునేవాడట.

పన్నెండేళ్లకు, 1025 ప్రాంతంలో, తిరిగొచ్చాడు. 1025లోనే రాజేంద్ర చోళుడి నౌకాదళం శ్రీవిజయ మీద విరుచుకుపడింది. అంతకు రెండు మూడేళ్ల ముందు అదే రాజేంద్రుడి సైన్యం గంగాతీరం దాకా వెళ్లి పాల రాజు మహీపాలుణ్ని ఓడించింది. అంటే అతిశ చదువుకున్న దేశమూ పుట్టిన దేశమూ రెండూ చోళుల దెబ్బ తిన్నాయి. దాడి వల్లే ఆయన తిరిగొచ్చాడని ముడిపెట్టడం మాత్రం ఊహే.

విక్రమశిలలో ఆచార్యుడు

విక్రమశిలను పాల రాజు ధర్మపాలుడు స్థాపించాడు. బీహార్‌లో భాగల్పూర్ జిల్లా అంతీచక్ దగ్గర తవ్వకాల్లో బయటపడింది. మధ్యలో శిలువ ఆకారంలో పెద్ద స్తూపం, చుట్టూ నాలుగు వైపులా కలిపి 208 గదులు. నలందా అంత పాతది కాకపోయినా 11వ శతాబ్దానికి తంత్రశాస్త్రంలో దానిదే పైచేయి.

అక్కడ ఉండగా ఆయన చేసిన పనుల్లో సంధి చేయించిన కథ ప్రసిద్ధం. కలచురి రాజు కర్ణుడు మగధ మీదికి దండెత్తాడు, పాల రాజు నయపాలుడు ఎదురుతిరిగి గెలిచే స్థితికి వచ్చాడు, అప్పుడు అతిశ కర్ణుడి సైనికులకు ఆశ్రయమిచ్చి ఇద్దరి మధ్య రాజీ కుదిర్చాడు అంటారు. చిక్కేమిటంటే కర్ణుడి పాలన 1041 ప్రాంతంలో మొదలైందని సాధారణ లెక్క. అతిశ విక్రమశిలను వదిలింది 1040లో. యువరాజుగా కర్ణుడే సైన్యాన్ని నడిపి ఉండొచ్చని కొందరు సర్దుతారు. సంధి జరగలేదనడానికి ఇది చాలదు, అన్ని వివరాలూ అలాగే జరిగాయనడానికీ చాలదు. నయపాలుడితో అతిశకు చనువుందన్నది మాత్రం గట్టి విషయం. నేపాల్ చేరాక ఆయన ఆ రాజుకు రాసిన ‘విమలరత్నలేఖ’ టిబెటన్ అనువాదంలో మిగిలే ఉంది.

టిబెట్‌కు ఆయన అవసరం ఏమొచ్చింది?

9వ శతాబ్దం మధ్యలో టిబెట్ సామ్రాజ్యం కూలిపోయింది. రాజాదరణ పోయేసరికి మఠాలు మూతపడ్డాయి. బౌద్ధం పూర్తిగా పోలేదు, కానీ అదుపు చేసేవాళ్లు లేకుండా ఇళ్లలో, పల్లెల్లో మిగిలింది. తంత్ర గ్రంథాల్లో సంకేతంగా రాసిన హింసనూ సంభోగాన్నీ కొందరు ఉన్నదున్నట్టు ఆచరించసాగారు. పశ్చిమ టిబెట్‌లో గూగే రాజ్యాన్ని ఏలిన యేషే ఓ వీళ్లను మందలిస్తూ ఒక శాసనలేఖ కూడా రాశాడు. చదువుకోసం 21 మంది కుర్రాళ్లను కాశ్మీర్ వైపు పంపితే ఎండకూ జ్వరాలకూ ఇద్దరే మిగిలారని చెబుతారు. ఆ ఇద్దరిలో ఒకడు రిన్చెన్ జాంగ్‌పో, టిబెట్ మహా అనువాదకుల్లో ఒకడు.

రిన్చెన్ జాంగ్‌పో వల్ల గ్రంథాలకు కొరత తీరింది. కొత్త సమస్య దాని నుంచే పుట్టింది. వినయం తాగొద్దంటుంది, ఏదో తంత్రం తాగమన్నట్టుంటుంది. ఒక సూత్రం ముక్తి కోరుకోమంటుంది, ఇంకోటి అందరూ తరించేదాకా ఆగమంటుంది. అన్నీ బుద్ధవచనాలే అంటే సామాన్య సాధకుడు ఎక్కడ మొదలెట్టాలి?

ఈ ఇబ్బందిని ఒక సన్నివేశం బాగా పట్టిస్తుంది. గూగేలోని థోలింగ్ మఠంలో అతిశ, 80 దాటిన రిన్చెన్ జాంగ్‌పోను కలిశాడు. ఆయన పాండిత్యం చూసి, ఇంతటివాడు ఉండగా నేను రావలసిన పనేముంది అనుకున్నాడట. చివర్లో, ఈ బోధలన్నిటినీ ఒకే మనిషి ఒకే ఆసనం మీద కూర్చుని ఎలా సాధన చేయాలి అని అడిగాడు. దేనికి అది విడిగా, దాని పద్ధతిలోనే చేయాలని వృద్ధుడు బదులిచ్చాడు. అదిగో, నేను రావలసిన అవసరం ఇదే అన్నాడు అతిశ. మాటలు అచ్చం అవే కాకపోవచ్చు, కానీ సమస్య అదే.

నిలువెత్తు బంగారం కథ

ఇది అన్నిటికన్నా ప్రచారంలో ఉన్న కథ. అతిశను పిలిపించడానికి బంగారం వెతుకుతున్న యేషే ఓను గర్లోగ్ అనే తురుష్క తెగ బంధించింది. విడిచిపెట్టాలంటే రాజు నిలువెత్తు బంగారం కావాలంది. ఆయన సోదరుడి మనవడు చాంగ్‌చుబ్ ఓ ఊరూరా తిరిగి పోగుచేశాడు. తల బరువుకు తక్కువైంది. ముసలి రాజు చెరలోంచే, నన్ను వదిలేయండి, ఆ బంగారంతో పండితుణ్ని తెండి అన్నాడు.

మేడారంలో బెల్లాన్నే బంగారమంటాం గానీ ఇక్కడ నిజం బంగారమే. లెక్క వేసి చూడండి. మనిషి 60 కిలోలనుకుంటే తల 5 కిలోలు, అంటే 55 కిలోల దాకా పోగైనట్టు. పశ్చిమ టిబెట్‌లో బంగారు గనులున్నాయి కాబట్టి అది అసాధ్యమని కొట్టిపారేయలేం. కథకు అడ్డు వచ్చేది బరువు కాదు, తేదీ. గూగే రాజుల వృత్తాంతం ప్రకారం యేషే ఓ 1024లో తన దేశంలోనే జబ్బుతో పోయాడు. అతిశ కోసం నాగ్‌త్సో బయల్దేరింది 1030ల చివర్లో. చెరపడ్డది చాంగ్‌చుబ్ ఓ అన్న ఓదే అయి ఉంటాడని, కథకులు ఆ ఘటనను పెద్దాయన ఖాతాలో వేశారని కొందరు చరిత్రకారులంటారు. మఠ సంప్రదాయం మాత్రం పాత కథనే ఇప్పటికీ చెబుతుంది. దానికి ఆ కథ కావాలి: ధర్మం ఖరీదు ఎంతో చెప్పే కథ అది.

ఆహ్వానమూ బంగారమూ మాత్రం నిజం. నాగ్‌త్సో విక్రమశిలలో మూడేళ్లు ఉండి ఒప్పించాడు. మూడేళ్లలో తిరిగి పంపాలన్న షరతు మీద విహారం వదిలింది. దారిలో నేపాల్‌లో మరో లోచావ గ్యా త్సోన్‌సెంగె జ్వరంతో చనిపోయాడు. అతిశ అక్కడ ఏడాది పాటు ఆగాడు. పర్యాటకులతో కిటకిటలాడే కాఠ్మాండూ థమేల్‌లోని పాత విహారాన్ని ఆయన పేరుతో ముడిపెడతారు.

తేదీలు ఎలా తెలిశాయి? మన అరవై ఏళ్ల లెక్కతో చూద్దాం

టిబెటన్ గ్రంథాలు ‘నీటి గుర్రం’, ‘చెక్క గుర్రం’ అని ఏళ్లకు పేర్లు పెడతాయి. ఐదు భూతాలు, పన్నెండు జంతువులు కలిపి అరవై ఏళ్ల చక్రం. మొదటి చక్రం 1027లో మొదలైంది. మనవాళ్లకు ఇది సులువుగా అర్థమవుతుంది, ఎందుకంటే ఇప్పటి మన తెలుగు సంవత్సరాల వరుసను వెనక్కి లెక్కిస్తే 1027 ప్రభవే అవుతుంది. 1987 ప్రభవ, అందులోంచి పదహారు అరవైలు, అంటే 960, తీసేస్తే 1027.

అతిశ పుట్టింది నీటి గుర్రం ఏడు, 982. మన వరుసలో చిత్రభాను. పశ్చిమ టిబెట్ చేరింది మళ్లీ నీటి గుర్రం, 1042. సరిగ్గా షష్టిపూర్తి వయసు. చనిపోయింది చెక్క గుర్రం, 1054, మన జయ. అదే కాలంలో రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతాన్ని తెలుగు చేస్తున్నాడు.

ఇంత చక్కగా కుదిరిన లెక్కను జీవితకథకులే కుదిర్చారా అన్న అనుమానం రావడం సహజం. 1042కు మరో వైపు నుంచి ఊతం ఉంది. హిమాచల్ ప్రదేశ్ స్పితీ లోయలోని తాబో మఠంలో ఒక శాసనం, యేషే ఓ కట్టించిన 46 ఏళ్లకు చాంగ్‌చుబ్ ఓ దాన్ని బాగుచేయించాడని చెబుతుంది. కట్టింది 996, కలిపితే 1042. శాసనం అతిశ సంగతి చెప్పదు. కానీ చాంగ్‌చుబ్ ఓ ఆ ఏడాది పెద్ద ఎత్తున ధర్మకార్యాలు చేయిస్తున్నాడని రుజువైంది.

బోధిపథప్రదీపం: ఒకే పని, ముగ్గురు మనుషులు

చాంగ్‌చుబ్ ఓ అడిగింది గూఢ తత్త్వం కాదట, తన ప్రజలకు పనికొచ్చే మాట. దానికి జవాబుగా థోలింగ్‌లో రాసిందే ‘బోధిపథప్రదీపం’. 70 శ్లోకాలు కూడా లేని పుస్తకం. మొదట్లోనే మనుషుల్ని మూడు రకాలుగా చెబుతాడు: సంసారంలో తన సుఖం మాత్రమే చూసుకునేవాడు అధముడు, సంసారసుఖాలకు వీపు తిప్పి తన శాంతి కోరేవాడు మధ్యముడు, తన దుఃఖాన్ని బట్టి ఇతరుల దుఃఖాన్ని గుర్తించి అందరిదీ పోవాలని కోరేవాడు ఉత్తముడు.

ఉదాహరణకు ఆకలితో వచ్చినవాడికి ముగ్గురు అన్నం పెట్టారనుకుందాం. ఒకడు పుణ్యం వస్తుందని, వచ్చే జన్మలో కలిగిన ఇంట్లో పుడతానని పెట్టాడు. రెండోవాడు ఈ కూడబెట్టుకోవడం మీద మమకారం తెగితే తన బంధం తెగుతుందని పెట్టాడు. మూడోవాడు తనకు ఆకలేసినప్పటి బాధ గుర్తొచ్చి, ఇలాంటి బాధ ఎవరికీ ఉండకూడదని పెట్టాడు. విస్తరి ఒకటే, అన్నం ఒకటే. అతిశ కొలిచేది ఉద్దేశాన్ని.

పరస్పరం కొట్టుకుంటున్నట్టున్న బోధలకు ఇక్కడ జాగా దొరికింది. కర్మ, పునర్జన్మల గురించి చెప్పేవి మొదటి మెట్టుకు, వైరాగ్యం చెప్పేవి రెండో మెట్టుకు, బోధిచిత్తం చెప్పేవి మూడో మెట్టుకు. ఏదీ అబద్ధం కాదు, ఎవరికి ఎప్పుడు అన్నదే తేడా. మూడూ విడివిడి మనుషులా, ఒకే మనిషి ఎక్కే మూడు మెట్లా అన్న ప్రశ్నకు తర్వాతి వ్యాఖ్యాతలు మెట్లే అని గట్టిగా తేల్చారు. మూల శ్లోకాల్లో ఆ మాట అంత గట్టిగా కనిపించదు.

తంత్రాన్ని ఆపాడా, నిలబెట్టాడా?

పుస్తకం చివర్లో ఒక పదునైన నియమం ఉంది. రహస్యాభిషేకం, ప్రజ్ఞాభిషేకం అనే రెండు దీక్షల్ని బ్రహ్మచర్యవ్రతం పట్టినవాళ్లు తీసుకోకూడదు. వాటి అసలు రూపంలో స్త్రీ సాంగత్యం ఉంటుంది కాబట్టి వ్రతం చెడుతుంది. ఆ వెంటనే సడలింపూ ఉంది: ఆచార్యాభిషేకం పొందినవాడు తంత్రాలు వినొచ్చు, చెప్పొచ్చు, హోమాలు చేయొచ్చు, దోషం లేదు.

సంస్కర్త అనేవాళ్లు మొదటి సగాన్ని చూపిస్తారు. తాంత్రికుడనేవాళ్లు రెండో సగాన్ని, ఆయన పేరున ఉన్న బోలెడు తంత్ర రచనలను, తారాదేవి మీద ఆయన భక్తిని చూపిస్తారు. ఆయన చెప్పాలనుకున్న తంత్రబోధలకు ముఖ్య శిష్యుడు ద్రోమ్‌తోన్పాయే అడ్డుపడ్డాడన్న ఫిర్యాదు కూడా టిబెటన్ సాహిత్యంలో ఉంది. నా చూపులో ఇది మఠవాసి ఆలోచన: తంత్రం ఉండాలి, భిక్షువు భిక్షువుగానే ఉండాలి.

దీక్ష ఇవ్వలేకపోయిన గురువు

అతిశ దీక్ష తీసుకున్నది మహాసాంఘికులనే పాత భిక్షుసంఘపు లోకోత్తరవాద శాఖలో. నాగార్జునకొండ శాసనాల్లో కనిపించే అపరమహావినశైలీయులు కూడా మహాసాంఘిక కుటుంబంలోని వాళ్లే, కాబట్టి ఆంధ్ర బౌద్ధానికి ఇది దూరపు చుట్టరికం. టిబెట్‌లో మాత్రం సామ్రాజ్య కాలం నుంచీ మూలసర్వాస్తివాద వినయం ఒక్కటే చెల్లుబాటు. అందుకే అంత పెద్ద గురువైనా తన పరంపరలో భిక్షుదీక్షలు ఇవ్వలేదు. ఇవాళ్టి టిబెటన్ భిక్షువుల బోధలు ఆయన నుంచి వచ్చాయి, కాషాయం మాత్రం వేరే పరంపర నుంచి వచ్చింది.

మూడేళ్లు పన్నెండేళ్లయ్యాయి

1045లో తిరుగు ప్రయాణానికి సిద్ధమైతే నేపాల్ దారిలో యుద్ధం. అప్పుడే కలిసిన ద్రోమ్‌తోన్పా, గృహస్థుగానే ఉండిపోయిన ఉపాసకుడు, ఆయన్ని మధ్య టిబెట్‌కు తీసుకెళ్లాడు. సమ్యే మఠంలో భారతదేశంలోనూ దొరకని సంస్కృత ప్రతులు చూసి అతిశ ఆశ్చర్యపోయాడంటారు. లాసా దగ్గర న్యేథాంగ్‌లో 1054లో కన్నుమూశాడు. ద్రోమ్‌తోన్పా రెతింగ్ మఠం కట్టాడు, కదంపా సంప్రదాయం మొదలైంది. దాని మీదే త్సోంగ్‌ఖాపా 1402లో తన పెద్ద లామ్‌రిమ్ రాశాడు, గెలుగ్ అక్కడి నుంచి వచ్చింది.

మన వైపు నుంచి చూస్తే ఇంకొకటి చెప్పాలి. 6వ శతాబ్దపు మాధ్యమికుడు భావవివేకుడు ధాన్యకటకం దగ్గర కొండగుహలో ఉన్నాడని హ్యుయాన్‌త్సాంగ్ రాశాడు. ఆయన పేరున ఉన్న ‘తర్కజ్వాల’ అనే వ్యాఖ్య సంస్కృతంలో దొరకడం లేదు. ఇవాళ దాన్ని చదవగలుగుతున్నామంటే అతిశ, నాగ్‌త్సో కలిసి చేసిన టిబెటన్ అనువాదం వల్లే.